కొలిచే మీటరు ఎవరి చేతిలో ఉంది?

మిత్రులారా, ఈ వారం స్కాలర్‌షిప్ బకాయిల మీద రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం రాస్తాను. ఈలోపు జవహర్‌నగర్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. పది నిమిషాల ఫోను. మూడు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే ముందు ఇది.

ఆ పిల్ల మైక్రోబయాలజీలో డిగ్రీ పూర్తి చేసింది. వాళ్ళమ్మ సిటీలో రోడ్లు ఊడుస్తది, కాంట్రాక్టు మీద. పిల్లకు పబ్లిక్ హెల్త్‌లో పీజీ చెయ్యాలని ఉంది. అందులోనూ పర్యావరణ ఆరోగ్యం, వృత్తి ఆరోగ్యం. అంటే గాలి, నీళ్ళు, దుమ్ము, రసాయనాలు మనిషిని ఎట్లా జబ్బు చేస్తాయి, ఏ పని ఏ రోగాన్ని మోసుకొస్తుంది అని చదివే శాస్త్రం. ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

"అన్నా, మామ గ్రూప్స్ రాయమంటున్నడు. మా అన్న సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమంటున్నడు. అమ్మ అయితే ఏడుస్తున్నది. నేను చీపురు పట్టుకున్నది నువ్వు చీపురు మీద పుస్తకం చదవనీకా అంటున్నది. నేను తప్పు చేస్తున్ననా అన్నా?"

నేను వెంటనే "కాదు చెల్లె, చదువు" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా జవాబు ఎంత పొట్టిదో అర్థమైంది. ఆ తల్లి ఏడుపుకు అది జవాబు కాదు. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ చెల్లెకే కాదు, మన హాస్టళ్ళలో సైన్సు చదువుతున్న ప్రతి తమ్ముడికీ, ప్రతి చెల్లెకూ.

ముందు నేల సంగతి చెప్పుకుందాం. అల్వాల్ దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు పోతుంటే హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట, తుర్కపల్లి వరసగా వస్తాయి. దేశంలో పేరున్న న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ ఈ దారిలోనే ఉంది. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ ఈ దారిలోనే ఉంది. కోవాగ్జిన్ తయారైంది ఇక్కడే. 2008లో వచ్చిన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఇక్కడే. ఆ క్యాంపస్ పోస్టల్ అడ్రస్ ఎప్పుడైనా చూశారా? జవహర్‌నగర్, కాప్రా మండలం.

అదే జవహర్‌నగర్ పేరుతో ఇంకో అడ్రస్ ఉంది. మూడు వందల ఎకరాలకు పైగా పరుచుకున్న చెత్త గుట్ట. హైదరాబాద్ మహానగరం తిని పారేసిందంతా, వాడి విసిరేసిందంతా లారీలెక్కి రోజూ వేల టన్నుల లెక్కన వచ్చిపడేది అక్కడికే. 2016లో జిల్లాలు విడగొట్టక ముందు ఆ ఊరు కూడా శామీర్‌పేట మండలమే. పాత గుట్టను కప్పేశారు, 2020లో చెత్తతో కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. కప్పినా, కాల్చినా, ఆ గుట్ట నుంచి ఊరిన నల్లటి నీళ్ళు మల్కారం చెరువుకు పట్టిన గతి ఆ చుట్టుపక్కల చిన్నపిల్లను అడిగినా చెప్తుంది. దమ్మాయిగూడలో రాత్రి పూట కిటికీలు ఎందుకు మూసుకుంటారో అక్కడ అద్దెకున్న వాళ్ళందరికీ తెలుసు.

ఒకే పేరు, ఒకే నేల, రెండు గాలులు. జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో లోపలి గాలిని 0.3 మైక్రాన్ల కణాన్ని కూడా పట్టే ఫిల్టర్ల గుండా వదులుతారు. అక్కడ ఎలుకలు పీల్చే గాలికి కూడా రికార్డు ఉంటుంది. డంప్‌యార్డ్ గేటు బయట సంచి పట్టుకుని ప్లాస్టిక్ ఏరే మనిషి ఎంత దుమ్ము పీల్చిందో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. నేను ల్యాబులు వద్దనడం లేదు. టీకా నేనూ వేసుకున్నాను. ఎవరి ఊపిరికి లెక్క ఉంది, ఎవరి ఊపిరికి లెక్క లేదు అని మాత్రం అడుగుతున్నాను.

ఇప్పుడు ఆ చెల్లె చదవాలనుకుంటున్న శాస్త్రం ఎక్కడ పుట్టిందో చూడండి. ఇటలీలో బెర్నార్దినో రమజ్జీని అని ఒక వైద్యుడు. 1700లో పనివాళ్ళ రోగాల మీద పుస్తకం అచ్చు వేశాడు. వృత్తి వైద్యానికి ఆయనే ఆద్యుడని ప్రపంచమంతా ఒప్పుకుంటుంది. ఆ పుస్తకం రాయాలన్న ఆలోచన ఆయనకు ఎట్లా వచ్చిందో ఆయనే చెప్పుకున్నాడు. వాళ్ళింటి పాయిఖానా గుంత తోడటానికి ఒక మనిషి వచ్చాడు. వాడు ఊపిరి బిగబట్టి ఆదరాబాదరాగా తోడుతున్నాడు. ఎందుకంత తొందర అని రమజ్జీని అడిగాడు. ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్ళు పోతాయని ఆ మనిషి జవాబు. ఆ తర్వాత రమజ్జీని ఊళ్ళో గుంతలు తోడేవాళ్ళను చూసుకుంటూ పోయాడు. కళ్ళు మండేవాళ్ళు, చూపు పోయి అడుక్కునేవాళ్ళు కనిపించారు. రోగిని చూసేటప్పుడు ఇకపై ఒక ప్రశ్న అదనంగా అడగాలని వైద్యులకు చెప్పాడు: నువ్వు ఏం పని చేస్తావు?

అంటే ఈ శాస్త్రానికి మొదటి గురువు పాయిఖానా తోడే మనిషి. పుస్తకం మీద పేరు మాత్రం డాక్టరుది.

రమజ్జీని ప్రశ్న మన దేశానికి వచ్చేసరికి ఏమైంది? మన దగ్గర "ఏం పని చేస్తావు?" అని ఎవరూ తిన్నగా అడగరు. "మీరేమోళ్ళు?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో పని తెలిసిపోతుంది, వాడ తెలిసిపోతుంది. కులం శ్రమను పంచే ఏర్పాటు అన్నవాళ్ళకు అంబేద్కర్ 1936లోనే జవాబు చెప్పారు, అది శ్రామికులనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చిన మెట్ల వరస అని. ఆరోగ్యశాస్త్రం భాషలో చెప్పాలంటే, ఎవరు ఏ విషాన్ని ఎంత పీల్చాలో పుట్టకముందే రాసిపెట్టిన ఏర్పాటు అది. అయినా మన వైద్య కాలేజీల్లో డాక్టరు కులం అడగడు, ఎందుకంటే అది సభ్యత కాదట. పని కూడా అడగడు, ఎందుకంటే ఓపీలో టైం లేదు. దగ్గుకు సిరప్ రాస్తాడు. దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో చీటీలో ఉండదు.

కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళను లెక్కపెట్టింది. 2024లో బయటకొచ్చిన వివరాల్లో 38 వేల మంది వరకు నమోదయ్యారు. వాళ్ళలో ఎస్సీలు 68.9 శాతం. దేశ జనాభాలో, 2011 లెక్కల ప్రకారం, మనం 16.6 శాతం. 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువల్లో, ట్యాంకుల్లో దిగి చనిపోయినవాళ్ళు 377 మంది అని పార్లమెంటులో సర్కారే చెప్పింది. ఒక రోగానికీ ఒక సమూహానికీ మధ్య ఇంత గట్టి సంబంధం ఇంకెక్కడైనా కనబడితే ఎపిడెమియాలజీ వాళ్ళు ఎగిరి గంతేసి పేపర్లు రాస్తారు. ఇక్కడ మాత్రం "కులం సామాజిక అంశం, మా పరిధి కాదు" అంటారు.

సరే, పరిధి గురించే మాట్లాడదాం. డంప్‌యార్డ్ పక్క జనం రోడ్డెక్కినా, ఫ్యాక్టరీ కార్మికుడు దగ్గుతూ ఆఫీసుకు పోయినా ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: "ఆధారం ఏది?" ఆధారం లేకపోవడం దానంతట అది జరగదు తమ్ముళ్ళూ. దాన్ని పద్ధతిగా తయారుచేస్తారు. ఎట్లాగో ఒక్కొక్కటి చూడండి.

మొదటిది, హాజరు పట్టీ. రోగం వచ్చినవాడు పనికి రాలేడు. రాలేనివాడి పేరు పట్టీలోంచి పోతుంది. ఆ తర్వాత సర్వే వాళ్ళు వచ్చి పట్టీలో ఉన్నవాళ్ళను పరీక్షిస్తే అందరూ బాగానే ఉంటారు. "ఈ పనిలో ప్రమాదమేమీ కనబడలేదు" అని రిపోర్టు వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దీనికి పేరు కూడా ఉంది, హెల్దీ వర్కర్ ఎఫెక్ట్. చదువుకున్నవాళ్ళకు ఇది తప్పు అని తెలుసు. కాంట్రాక్టరుకు ఇది లాభం అని తెలుసు.

రెండోది, కాలం. రాయి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఛాతీ ఎక్స్‌రేలో కనబడటానికి తరచుగా పదేళ్ళు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాంట్రాక్టు ఏడాదికో రెండేళ్ళకో మారుతుంది. రోగం బయటపడే నాటికి ఏ యజమాని కింద ఆ దుమ్ము తాగాడో రుజువు చెయ్యడానికి జీతం చీటీ కూడా మిగలదు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడైతే రోగంతో సొంతూరు చేరి అక్కడ చనిపోతాడు. మేడ్చల్ లెక్కల్లో ఆ చావు ఉండదు.

మూడోది, చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో 29 వృత్తి రోగాలు ఉండేవి. సీసం విషం, బెంజీన్ విషం, సిలికోసిస్, చర్మ రోగాలు, శబ్దంతో వచ్చే చెవుడు. వీటిలో ఏదైనా చూసిన డాక్టరు సెక్షన్ 89 కింద ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాల్సి ఉండేది. ఎంతమంది డాక్టర్లకు ఈ సంగతి తెలుసో మీ ఊరి ఆసుపత్రిలో అడిగి చూడండి. ఇప్పుడు కొత్త లేబర్ కోడ్లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. ఇదివరకు కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియా వెనక సందుల్లో పన్నెండు మందితో, పదిహేను మందితో నడిచే షెడ్లు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. రోగం అక్కడే ఉంది, ఫ్యాక్టరీ అన్న మాట మాత్రం అక్కడి నుంచి లేచిపోయింది.

నాలుగోది, హద్దు. పనిచోట ఫలానా రసాయనం ఇంత వరకు ఉండొచ్చు అని పెట్టే హద్దు మామూలుగా 8 గంటల పనిదినాన్ని, వారానికి 40 గంటలను లెక్కలోకి తీసుకుని వేస్తారు. మిగతా గంటల్లో ఒళ్ళు తేరుకుంటుందన్న నమ్మకం మీద. మనవాడు 12 గంటల షిఫ్టు చేసి, ఓటీ చేసి, డంప్‌యార్డ్ పక్క గదికి వచ్చి పడుకుంటాడు. ఒళ్ళు ఎప్పుడు తేరుకోవాలె? పనిచోట గాలి ఒక శాఖ చూస్తుంది, ఊరి గాలి ఇంకో శాఖ చూస్తుంది. రెండూ కలిపి పీల్చే ఊపిరితిత్తులు ఏ శాఖ కిందికీ రావు. ఊరి గాలికైనా సరైన హద్దు ఉందా అంటే, సన్నటి దుమ్ము ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు హద్దు 2009 నుంచి 40 దగ్గరే ఆగింది.

ఐదోది, గడి. ఫ్యాక్టరీ ప్రమాదాల లెక్కలు రాష్ట్రం వారీగా, పరిశ్రమ వారీగా దొరుకుతాయి. కులం గడి ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన కార్మికులు. వాళ్ళు ఏ రాష్ట్రమో చెప్పారు. ఆ రాష్ట్రాల్లో ఏ వాడల నుంచి బయల్దేరారో అడిగినవాళ్ళు లేరు. తెలంగాణ సర్కారు ఇంటింటి కులసర్వే చేసి ఎస్సీలు 17.43 శాతం అని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. కులాన్ని లెక్కపెట్టగలమని రుజువైంది కదా. మరి చావుల్లో, రోగాల్లో ఎందుకు లెక్కపెట్టరు?

ఇదంతా దాటుకుని ఎవరైనా ఆధారం తెచ్చారే అనుకుందాం. అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది, తెచ్చింది ఎవరు అని. పటాన్‌చెరు కథ మీకు తెలుసు. నక్కవాగు నీళ్ళు రంగు మారాయని, పశువులు చస్తున్నాయని, పొలాలు పోయాయని అక్కడి రైతులు మొత్తుకున్నారు. డాక్టర్ కిషన్‌రావు లాంటి స్థానిక వైద్యుడు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగాడు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు నుంచి వదిలే నీళ్ళను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని అచ్చు వేశారు. జ్వరానికి డాక్టరు రాసిచ్చే యాంటీబయాటిక్, కాలువలో. అప్పుడు ప్రపంచ పత్రికలన్నీ పటాన్‌చెరు పేరు పలికాయి. ఆ స్వీడన్ వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళ నోట్లో ఉన్న నిజం గోల అయింది, వాళ్ళ పరికరంలో పడ్డాక శాస్త్రం అయింది. ఆ పరికరం మన పిల్లల చేతిలో ఉంటే ఆ ఇరవై ఏళ్ళు కలిసొచ్చేవి కావా?

"మరి మన ఊళ్ళల్లో పరిశోధనలు జరగడం లేదా?" అని కొందరు అడుగుతారు. జరుగుతున్నాయి. మేడ్చల్ మండలం గ్రామాల్లోనే 2009 నుంచి 2011 మధ్య షేర్ ఇండియా, మెడిసిటీ వైద్య సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి లైఫ్ అనే అధ్యయనం మొదలుపెట్టాయి. 15 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉన్న 1227 మంది ఆడవాళ్ళను గర్భం రాకముందో తొలి నెలల్లోనో చేర్చుకుని, కాన్పు దాకా, పుట్టిన బిడ్డల దాకా వెంట నడిచే అధ్యయనం. 2017లో దాని వివరాలు అంతర్జాతీయ ఎపిడెమియాలజీ పత్రికలో వచ్చాయి. ఇటువంటి అధ్యయనాలు కావాలి. ఒక్కసారి వచ్చి ఫారం నింపుకుపోయే సర్వే కన్నా ఏళ్ళ తరబడి వెంట నడిచేది వంద రెట్లు నయం. నా ప్రశ్న వేరే. మేడ్చల్ పల్లెల ఆడవాళ్ళ ఒళ్ళు ప్రపంచానికి పాఠమైనప్పుడు, ఆ పల్లెల ఆడపిల్లలు ఆ పాఠం చెప్పే కుర్చీలో ఎప్పుడు కూర్చుంటారు?

ఎందుకంటే కుర్చీ అటువైపే ఉండిపోతే ఏం జరుగుతుందో మనం చూశాం. 2009-10లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు, ఆ మాట నేనూ అనను. అయితే రెండు వేలకు పైగా సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. తల్లిదండ్రులు ఉండగా వార్డెన్ సంతకం ఎందుకు? ఆ తల్లిదండ్రులను అడగాల్సిన మనుషులుగా ఎవరూ అనుకోలేదు కాబట్టి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కింద డంప్‌యార్డ్ పక్క కాలనీకి సిటీ నుంచి ఒక బృందం వచ్చింది. వాళ్ళు ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఇల్లిల్లూ నేనే తిప్పాను. బోరు నీళ్ళు సీసాల్లో పట్టారు, ఆడవాళ్ళకు బీపీ చూశారు, దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని రాసుకున్నారు, ఫొటోలు దిగారు. పోయారు. ఒక ముసలామె ఎప్పుడు కనబడినా నన్ను అడిగేది, "బిడ్డా, నా నీళ్ళు ఎట్లున్నయట?" రెండేళ్ళు అడిగింది. తర్వాత ఆమె లేదు. రిజల్టు తెచ్చి ఇస్తామని ముందే రాయించుకోవాలని నాకు అప్పుడు తెలియదు. పరిశోధన ఫలితాలు ఆ జనానికి తిరిగి చెప్పాలని ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాల్లో ఉంటుందని కూడా తెలియదు. నేను చదవని శాస్త్రం ఆమెకు ఒక జవాబు బాకీ పడింది. ఆ చెల్లె ఫోన్ చేసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ముసలామె గొంతే.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. నేను చీపురు పట్టింది నువ్వు చీపురు మీద చదవడానికా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. మన పిల్లలను మళ్ళీ మళ్ళీ మన గాయం చుట్టూనే తిప్పే ఒక పద్ధతి విశ్వవిద్యాలయాల్లో ఉంది. బ్రాహ్మల పిల్లాడు నక్షత్రాల మీద పరిశోధన చేస్తాడు, మాదిగ పిల్లాడికి "మీ వాళ్ళ మీద చెయ్యి బాబూ, బాగుంటుంది" అని సలహా ఇస్తారు. నక్షత్రాలు చదవాలనుకున్న మన పిల్లలు నక్షత్రాలే చదవాలి. వాళ్ళను ఈ వైపు లాక్కొచ్చే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు.

కానీ ఈ చెల్లె తనంతట తాను ఇటు నడిచింది. తల్లి చీపురు పట్టింది వేరే దారి లేక. కూతురు మీటరు పడుతున్నది, ఆ చీపురు తల్లి ఊపిరితిత్తులకు ఏం చేసిందో అంకెల్లో రాసి, దాన్ని ఆపించడానికి. ఈ రెండూ ఒకటే పని అని ఎట్లా అంటాం?

ఈ శాస్త్రంలో మొదటి ఏడాదిలోనే ఒక పాఠం చెప్తారు. ప్రమాదాన్ని అదుపు చేసే పద్ధతులు ఐదు మెట్లుగా ఉంటాయి. అన్నిటికన్నా పైన, ప్రమాదాన్నే లేకుండా చెయ్యడం. తర్వాత దాని స్థానంలో ప్రమాదం తక్కువైనది పెట్టడం. తర్వాత యంత్రాలతో మనిషికి, విషానికి మధ్య అడ్డుకట్ట. తర్వాత పని గంటలు, శిక్షణ, నియమాలు. అన్నిటికన్నా కింద, ఏమీ కుదరనప్పుడు, మాస్కులు, గ్లోవ్స్. ఇప్పుడు మన మున్సిపల్ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో చూడండి. అట్టడుగు మెట్టు నుంచే మొదలు, అక్కడితోనే ఆఖరు. గ్లోవ్స్ పంపిణీ, ఫొటో, పేపర్లో వార్త, కాళ్ళు కడగడం, సన్మానం, శాలువా. మే నెల ఎండలో ఆ రబ్బరు గ్లోవ్స్ వేసుకుని ఒక పూట ఊడ్చి చూడమనండి ఆ పంచినాయన్ని. మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగాక ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. ప్రమాదం తగ్గిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ముఖానికి గుడ్డ కట్టుకున్నా, మాస్కు పెట్టుకున్నా ఆ వాయువు ఆగదు. 2013 చట్టం కాగితం మీద పై మెట్టే చెప్పింది. సుప్రీంకోర్టు 2014లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ప్రాణం ధర పెరిగింది, మనిషిని దింపడం ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇంజినీర్లు చెప్పలేరు. దిగడానికి ఒక కులం ఎప్పుడూ సిద్ధంగా దొరుకుతున్నంత కాలం మిషన్ కొనాల్సిన అవసరం ఎవరికీ రాదు. కాబట్టి ఈ శాస్త్రాన్ని నిజాయితీగా చదివితే పై మెట్టు మీద కులనిర్మూలన అనే రాయాల్సి వస్తుంది. రాయడానికి ఆ పరీక్ష హాల్లో మనవాళ్ళు ఉండాలి.

ఉంటే ఏమవుతుందో అమెరికాలోని నల్లవాళ్ళు చూపించారు. 1979లో హ్యూస్టన్ నగరంలో ఒక నల్లవాళ్ళ కాలనీ పక్కన చెత్త డంపు పెట్టబోతే జనం కోర్టుకు పోయారు. లాయరు లిండా మెకీవర్ బుల్లార్డ్. ఆమె భర్త రాబర్ట్ బుల్లార్డ్ నల్లవాళ్ళ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ పాఠాలు చెప్పేవాడు. ఆయన తన విద్యార్థులను వెంటేసుకుని నగరంలోని డంపులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు మీద పెట్టాడు. నగరపాలక సంస్థ సొంత డంపులు ఐదుంటే ఐదూ నల్లవాళ్ళ పేటల్లోనే. చెత్త కాల్చే బట్టీలు ఎనిమిదిలో ఆరు అక్కడే. నల్లవాళ్ళు నగర జనాభాలో నాలుగో వంతు. కేసు ఓడిపోయారు. కానీ ఆ మ్యాపు నుంచి పర్యావరణ న్యాయం అనే శాస్త్రం నిలబడింది, ఇవాళ ప్రపంచమంతా పాఠంగా చదువుతోంది. వాళ్ళ దగ్గర కోట్ల రూపాయల ల్యాబ్ లేదు. నగరం రికార్డులు, కాళ్ళు, కొద్దిమంది విద్యార్థులు. మనకేం తక్కువ? ఓఆర్ఆర్ చుట్టూ డంపులు, క్రషర్లు, ఫార్మా షెడ్లు, శుద్ధి ప్లాంట్లు ఎక్కడున్నాయో, వాటి పక్కన ఏ వాడలున్నాయో మ్యాపు గీయడానికి మన చేతిలోని ఫోన్ చాలదా?

మన సొంత సంప్రదాయంలో కూడా ఇది ఉంది. మనం అంబేద్కర్‌ను కోటులో, రాజ్యాంగం చేతిలో పట్టుకున్న విగ్రహంగా చూసీ చూసీ ఒక సంగతి మర్చిపోయాం. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1943 డిసెంబరులో ఆయన ధన్‌బాద్ బొగ్గు గనుల దగ్గరికి పోయి, కిందికి దిగి చూశారు. 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది ఆయన చూసిన శాఖ నుంచే. గనిలో గాలి ఎట్లా ఉందో పైన కూర్చుని ఫైలులో చదవకుండా కిందికి దిగిన మంత్రి ఆయన. ఆయన వారసులమని చెప్పుకునే మనం జయంతికి డీజే పెట్టినంత శ్రద్ధగా ఎప్పుడైనా ఒక బస్తీలో బోరు నీళ్ళు పరీక్ష చేయించామా? ఈ మాట నన్ను నేనే అడుక్కుంటున్నాను.

ఉద్యోగం సంగతి దాచను. ఈ చదువుకు సాఫ్ట్‌వేర్ అంత జీతం వెంటనే రాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృత్తి ఆరోగ్య విభాగం కనబడదు, కాబట్టి పోస్టులూ కనబడవు. దారులు మాత్రం ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ ఉంది, ఇక్కడే భారతీయ ప్రజారోగ్య సంస్థ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. విదేశం పోవాలంటే రాష్ట్ర ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. కేంద్రం ఇచ్చే ఎస్సీల విదేశీ స్కాలర్‌షిప్ సంగతి మాత్రం జాగ్రత్తగా చూడండి. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు అది వర్తించదని 2022లో నిబంధన పెట్టారు. మన డబ్బుతో బయటికి పోయి మన కులం గురించి చదవొద్దని దాని అర్థం. అటువంటప్పుడు గాలి, నీళ్ళు, దుమ్ము కొలిచే శాస్త్రం మన చేతిలో ఎంత పదునైన ఆయుధమో ఆలోచించండి.

సంఘాల మిత్రులకు ఒక మాట. ఇకపై మన వాడలోకి ఏ సర్వే వచ్చినా మూడు షరతులు పెడదాం. ఒకటి, ఫలితాలు తెలుగులో రాసి వాడ గోడ మీద అతికించాలి, ఎవరి రిజల్టు వాళ్ళ చేతికివ్వాలి. రెండు, సర్వే బృందంలో ఆ వాడ పిల్లలకు జీతంతో పని ఇవ్వాలి, నేర్పాలి. మూడు, ఫారంలో పని, కులం, ఎన్నేళ్ళుగా ఆ పని అన్న గడులు ఉండాలి. సర్కారుకు మన డిమాండ్లు కూడా తేలికే: ఈఎస్ఐ, ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీ చీటీ మీద "పని" అన్న గడి పెట్టండి. పారిశుధ్య కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేసి, కాంట్రాక్టరు మారినా ఆ రికార్డు మనిషి వెంట పోయేట్టు చూడండి. పని మానేసినవాళ్ళ పేర్లు కూడా అందులో ఉంచండి. సగం నిజం దాక్కున్నది వాళ్ళ దగ్గరే.

చివరగా ఆ చెల్లెకు. అమ్మతో పోట్లాడకు. ఆమె ఏడుపు నీ మీద కాదు, తన పని మీద. ఒకరోజు కూర్చుని ఆమెనే అడుగు: అమ్మా, ఎన్ని గంటలకు లేస్తావు, ఏ రోడ్డు మీద దుమ్ము ఎక్కువ, దగ్గు ఎప్పటి నుంచి, నీతోపాటు చేరినవాళ్ళలో ఇప్పుడు పనికి రానివాళ్ళు ఎవరు, వాళ్ళకు ఏమైంది? రాసుకో. మూడు వందల ఏళ్ళ కింద రమజ్జీని చేసింది ఇదే. కాకపోతే పుస్తకం మీద ఈసారి ఇద్దరి పేర్లూ ఉండాలి, అమ్మదీ నీదీ.

ఆమె చెప్పడం మొదలుపెట్టాక నువ్వు ఏం చదవబోతున్నావో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

వచ్చే వారం స్కాలర్‌షిప్ బకాయిలు. లెక్కలు తీస్తున్నాను.

జై భీమ్.